సంతకం ఎవరిది?

గది మధ్యలో నేలమీద ఒక మేకు నిలబెట్టారు. పక్కన తాడుతో చేసిన రింగులు. "రింగు మేకులో పడాలి. ఎక్కడ నిలబడి వేస్తారో మీ ఇష్టం" అన్నాడు ట్రైనరు. ఇంకో రూలేదీ లేదు.

కాకినాడ నుంచి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్టు గుమాస్తాకి అప్పజెప్పి, ఇంట్లో నచ్చజెప్పి, గోదావరి మీద హేవలాక్ వంతెన దాటి రైల్లో అంత దూరం వచ్చింది ఇందుకా?

"చిన్నపిల్లల్ని చేశారండీ మమ్మల్ని" అన్నాడు బియ్యం వ్యాపారి, నవ్వుతూనే. లేచి వెళ్ళి మేకుకి బెత్తెడు దూరంలో నిలబడి, వేలికి ఉంగరం తొడిగినట్టు రింగు వేశాడు. పడింది. "వ్యాపారవంటే ఇదేనండి. చెయ్యి ఎంతవరకూ అందితే అంతవరకే" అంటూ వచ్చి కూర్చున్నాడు.

రెండో ఆయన గోడ దాకా వెళ్ళాడు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని విసిరాడు. రింగు కిటికీ కింద పడింది. "రాసిపెట్టి ఉంటే పడేదే" అన్నాడు, పెద్దగా బాధేమీ లేకుండా.

మూడో ఆయన కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరిగి, ఐదారడుగుల దూరం చూసుకుని నిలబడ్డాడు. మొదటిది తప్పింది. రెండోదీ తప్పింది. అరడుగు ముందుకొచ్చాడు. మూడోది పడింది. పడగానే ఆ అరడుగూ మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ట్రైనరు ఇంతసేపటికి పుస్తకం తెరిచి ఏదో రాసుకున్నాడు.

చివర్న ఒక కుర్రాడు మిగిలాడు. పాతికేళ్ళుంటాయి. పీఆర్ కాలేజీలో బీఏ ప్యాసయి నాన్న కొట్లో కూర్చుంటున్నాడు. రింగు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు గానీ ఎక్కడా ఆగడు.

"ఏం బాబూ, ఎక్కడ నిలబడతావు?"

"నాన్నగారైతే ఎక్కడ నిలబడేవారా అని చూస్తున్నానండి."

గదంతా గొల్లుమంది.

ఇది 1964 నాటి సంగతి. హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలవాళ్ళకి శిక్షణ ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే 'సియెట్' సంస్థ అది. 1960లో ఢిల్లీలో పుట్టి, 1962లో హైదరాబాద్‌కి మారింది. ఇవాళ యూసఫ్‌గూడలో 'నిమ్స్‌మే' పేరుతో ఉన్నది అదే. కాకినాడ నుంచి 52 మంది వ్యాపారులు అక్కడికి జట్లుజట్లుగా వెళ్ళి శిక్షణ పొందడం నిజం. రింగులాట నిజం. వాళ్ళ మాటలు మాత్రం నేను కట్టినవి. ఆ కుర్రాడు కూడా ఏ ఒక్క మనిషీ కాడు. ఆ శిక్షణ ఫలితాల పట్టికల్లో ఒకచోట కనబడే కొందరిని కలిపి ఒకడిగా నిలబెట్టాను. ఈ కథ ఎక్కువగా అతని గురించే. డిగ్రీ చేతికొచ్చి, సొంతంగా ఏదైనా పెట్టాలని ఉండి, ఎక్కడ నిలబడాలో తేల్చుకోలేకపోయిన మనవాళ్ళ పిల్లల గురించి, వాళ్ళకోసం సర్కారు ఇన్నేళ్ళుగా ఏం చేసిందన్న దాని గురించి.

* * *

ఈ ఆట వెనక ఉన్న మనిషి డేవిడ్ మెక్లెలాండ్, హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్ర ప్రొఫెసరు. 1961లో 'ది అచీవింగ్ సొసైటీ' అనే లావుపాటి పుస్తకం వేశాడు. ఆయన చేసిన పని వింటే ముందు నవ్వొస్తుంది. దేశదేశాల చిన్నతరగతుల వాచకాలు సేకరించి, వాటిలోని కథల్లో 'ఒక పని నిన్నటికంటే బాగా చెయ్యాలి' అనే తపన ఎంతుందో లెక్కగట్టాడు. ఆ లెక్కని ఆ దేశాల్లో కరెంటు ఉత్పత్తి పెరిగిన తీరు పక్కన పెట్టి చూశాడు. కథల్లో తపన ఉన్న దేశాలు తరవాతి ఏళ్ళలో ముందుకు పోయాయన్నాడు. ఒక దేశం బీదగా ఉండడానికి దాని వాచకమే కారణమంటే మనకి మింగుడుపడదు. రెండొందల ఏళ్ళు పరాయి పాలనలో ఉన్న దేశానికి ఆ మాట చెప్పడానికి కాస్త ధైర్యం కూడా కావాలి. ఆ రోజుల్లోనే చాలామంది ఆయన్ని తప్పుపట్టారు, తప్పుపట్టడం న్యాయమే.

కానీ ఆయన పుస్తకం రాసి ఊరుకోలేదు. తన మాట తేల్చుకోడానికి ఒక ఊరు కావాలన్నాడు. మనిషి స్వభావం పసితనంలోనే గట్టిపడిపోతుందని, ముప్పై దాటాక మారదని అప్పటి పండితుల నమ్మకం. పెద్దవాళ్ళలో కూడా ఈ తపన పెంచవచ్చునా? పెంచితే వాళ్ళ కొట్లలో, మిల్లుల్లో ఏమైనా తేడా వస్తుందా? ఆ ఊరు కాకినాడ అయింది.

ఎంచుకోడానికి తగిన ఊరే. లక్ష పైచిలుకు జనం. ఓడరేవు ఉంది. పెద్ద ఓడలు దూరంగా సముద్రంలో ఆగితే పడవల్లో సరుకు మోసుకెళ్ళే రేవు. చుట్టూ డెల్టా, బియ్యం. పాత కాలేజీ ఉంది, 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. డబ్బుకి కరువు లేదు, చదువుకీ కరువు లేదు. కరువల్లా కొత్తగా ఏదైనా పెట్టే మనిషికే. వచ్చిన డబ్బు మళ్ళీ పొలంలోకో, బంగారంలోకో, వడ్డీలోకో పోయేది. తమిళనాడులో వేలూరు నుంచి కూడా కొందరిని తీసుకున్నారు. రాజమండ్రిని మాత్రం ఊరికే వదిలేశారు. పక్కనే ఉన్న, అన్నివిధాలా ఇలాంటి ఊరు. శిక్షణ ఇవ్వని ఊరు ఎలా ఉంటుందో పోల్చి చూడ్డానికి.

* * *

శిక్షణ దాదాపు పది రోజులు. ఇల్లూ కొట్టూ వదిలి ఒకచోట ఉండడం అందులో ముఖ్యమైన భాగం. పొద్దున లేస్తే ఫోన్లు, బాకీలు, బంధువులు చుట్టుముట్టేచోట మనిషి తన గురించి తాను ఆలోచించుకోలేడని వాళ్ళ ఉద్దేశం.

ఒకరోజు ఒక బొమ్మ చూపించారు. బల్ల ముందు ఒక మగమనిషి, బల్లమీద కాగితాలు, ఓ పక్కన భార్యాపిల్లల ఫొటో. దీనిమీద ఐదు నిమిషాల్లో కథ రాయమన్నారు.

బియ్యం వ్యాపారి రాసింది ఇలా ఉంటుందనుకోండి: 'ఈయన ఆఫీసులో పని ఎక్కువై అలిసిపోయాడు. పిల్లలు గుర్తొస్తున్నారు. దేవుడి దయవల్ల త్వరలో పెద్ద ఉద్యోగం వస్తుంది. అందరూ సుఖంగా ఉంటారు.'

ఐదారడుగుల దూరంలో నిలబడ్డ ఆయన రాసింది: 'ఈయన కొత్తరకం నీళ్ళ పంపు గీస్తున్నాడు. మొన్న గీసింది పనిచెయ్యలేదు. లోపం వాల్వులో ఉందని తెలిసింది. తెలిసిన మెకానిక్కుని రేపు పిలిపిస్తాడు. ఫొటోకేసి చూసి, ఈ రాత్రికి ఇంటికి ఆలస్యమవుతుంది అనుకున్నాడు.'

మొదటి కథలో మనిషికి మంచి జరుగుతుంది, కానీ అతను ఏమీ చెయ్యడు. రెండోదానిలో ఒక గురి ఉంది, అడ్డంకి ఉంది, అది తనలో ఉందో బయట ఉందో తెలుసు, ఎవరి సాయం అడగాలో తెలుసు. మెక్లెలాండ్ మనుషులు కథలకి మార్కులు వేసేది ఈ లెక్కనే. అయితే అసలు కిటుకు ఇంకొకటి. ఈ మార్కుల పద్ధతిని దాచిపెట్టుకోలేదు. శిక్షణకి వచ్చినవాళ్ళకే నేర్పేశారు. ఎవరి కథకి వాళ్ళే మార్కులు వేసుకోవాలి, వేసుకుని మళ్ళీ రాయాలి. తన కథకి తనే సున్నా వేసుకున్న బియ్యం వ్యాపారి ఆ రాత్రి ఏమనుకున్నాడో మనకి తెలీదు. మర్నాడు రాసిన కథలో దేవుడి పక్కన ఒక బ్యాంకు మేనేజరు కూడా వచ్చి ఉంటాడు.

చివరి రోజుల్లో కాగితం ఇచ్చి రాబోయే రెండేళ్ళలో ఏం చేస్తారో రాయమన్నారు.

"వ్యాపారం పెంచుతానండి."

"ఎంత?"

"బాగా పెంచుతానండి."

"బాగా అంటే ఎంత? ఎప్పటికి? ముందుగా వెళ్ళి ఎవర్ని కలుస్తారు? మీ వల్ల కాకపోతే ఏ కారణం చేత కాదు?"

ఒక్కో ప్రశ్నకీ కాగితం మీద రాత మారేది. ఊరికెళ్ళాక ఆరునెలలకోసారి ఆ కాగితం ముందు పెట్టుకుని, ఎంతవరకు వచ్చామో రాసి పంపాలి. రెండేళ్ళపాటు. అప్పు ఇవ్వలేదు, స్థలం ఇవ్వలేదు, లైసెన్సు ఇప్పించలేదు. లైసెన్సు లేకుండా చీమ కూడా కదలని కాలం అది. ఇచ్చింది ఒక కాగితం, దాన్ని అడిగేవాడు ఒకడు. ప్రభుత్వ సాయం అంటే మనకి అలవాటైన లెక్కలో ఇది సాయం కిందికే రాదు.

* * *

రెండేళ్ళ తరవాత లెక్క తీశారు. ఆ లెక్కలు మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో వేసిన 'మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్' అనే పుస్తకంలో ఉన్నాయి. శిక్షణ పొందినవాళ్ళలో ఇంచుమించు సగంమంది వ్యాపారంలో గట్టిగా చురుకుదనం చూపించారు. శిక్షణ లేనివాళ్ళలో అది పావువంతు దగ్గరే ఆగింది. పూర్తిగా కొత్త వ్యాపారం మొదలుపెట్టినవాళ్ళు శిక్షణ పొందినవాళ్ళలో 22 శాతం, పొందనివాళ్ళలో 8. మనదేశంలో ఈ తరహా శిక్షణ పొందినవాళ్ళలో చిన్న రేడియో షాపు నడుపుకునే ఆయన రంగులూ వార్నిషుల ఫ్యాక్టరీ పెట్టిన సంగతి మెక్లెలాండ్ చెబుతుండేవాడు.

ఇంకో సంగతి కూడా తేలింది. పాత ఆచారాలు, కుల కట్టుబాట్లు, పూజాపునస్కారాలు మనవాళ్ళకి కాళ్ళకడ్డం పడతాయని పైదేశం పండితులు అనుకునేవారు. ఆ పట్టింపులు ఎక్కువ ఉన్నవాళ్ళూ తక్కువ ఉన్నవాళ్ళూ శిక్షణ వల్ల ఒకేలా లాభపడ్డారు. పొద్దున్నే భావనారాయణస్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చి కొత్త మిషను కొనడానికి ఎవరికీ ఇబ్బంది కలగలేదన్నమాట. ఆ మాట మన గోదావరి జిల్లాలో ఎవర్నడిగినా ముందే చెప్పేవారు.

కాకినాడ పేరు ఇవాళ్టికీ ఎంబీయే, బీకాం పుస్తకాల్లో ఉంది. 'కాకినాడ ప్రయోగం' మీద ఐదు మార్కుల ప్రశ్న వస్తుంది. పిల్లలు 52 అనే అంకె, రాసే కథలు, రింగులాట బట్టీపట్టి రాసేస్తారు. పుస్తకంలో ఉండి ఐదు మార్కుల్లోకి రానిది ఒకటి ఉంది. నాకు అన్నిటికంటే అదే ముఖ్యమనిపిస్తుంది.

శిక్షణ పొందినవాళ్ళందర్నీ రెండు గుంపులు చేసి చూశారు. తన వ్యాపారంలో తనే నిర్ణయం తీసుకోగలిగినవాళ్ళు ఒక గుంపు. ఇంకొకరి మాటమీద నడవాల్సినవాళ్ళు, అంటే తండ్రి కింద, అన్న కింద, భాగస్వామి కింద పనిచేసేవాళ్ళు రెండో గుంపు. ఫలితం కనబడింది మొదటి గుంపులోనే. రెండో గుంపువాళ్ళూ అవే పది రోజులు కూర్చున్నారు, అవే కథలు రాశారు, అవే మార్కులు వేసుకున్నారు. ఊరికెళ్ళాక పెద్దగా ఏమీ మారలేదు.

మన బీఏ కుర్రాడు ఈ రెండో గుంపు. రింగు పట్టుకుని తిరుగుతూ ఆగనివాడు. అతనికి తపన లేక కాదు. తిరిగెళ్ళాక గల్లాపెట్టె తాళంచెవి అతని దగ్గర లేదు.

* * *

ఈ సంగతిని ముందుగా పట్టుకున్నది మన రాష్ట్రం కాదు, గుజరాత్. కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్ళిన రైలు చివరికి అహ్మదాబాద్‌లో ఆగిందనుకోవచ్చు.

1969 ప్రాంతంలో గుజరాత్ ఇండస్ట్రియల్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ ఒక పథకం పెట్టింది. జనం దాన్ని టెక్నీషియన్ స్కీం అన్నారు. ఇంజనీరింగో, డిప్లొమానో చేసిన కుర్రాడు పరిశ్రమ పెడతానని వస్తే, నూటికి నూరూ అప్పు. తాకట్టు లేదు. ఇది ఎంత పెద్ద మాటో తెలియాలంటే అప్పటి బ్యాంకుల్ని గుర్తుచేసుకోవాలి. 1969 జులై 19న జాతీయం చేసేదాకా, స్టేట్ బ్యాంకు తప్ప పెద్ద బ్యాంకులు చాలావరకు వ్యాపార కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. ఇల్లో పొలమో రాసివ్వనిదే కుర్రాడి మొహం చూసేవాడు లేడు. ఇల్లూ పొలమూ తండ్రి పేరు మీద ఉంటాయి. అంటే అప్పు తండ్రిదే, నిర్ణయమూ తండ్రిదే. తాకట్టు తీసేయడమంటే వడ్డీ తగ్గించడం లాంటి సౌకర్యం కాదు. కొడుకుని రెండో గుంపులోంచి మొదటి గుంపులోకి మార్చడం.

కుర్రాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామందికి లేతు మిషను తిప్పడం తెలుసు, సరుకు ఎవరికి అమ్మాలో తెలీదు. లెక్కలు రాయడం తెలీదు, బాకీ అడగడం మొహమాటం. అప్పు ఉంటే చాలదని ఏడాది తిరక్కుండానే అర్థమైంది. అప్పుడు కాకినాడ గుర్తొచ్చింది. 1970లో డాక్టర్ వి.జి. పటేల్ వంటివాళ్ళు నిలబడి దాదాపు మూడు నెలల శిక్షణ కట్టారు. ముందు మనిషిని ఎంచడం, తరవాత మెక్లెలాండ్ తరహా కథలూ ఆటలూ, ఆ పైన మార్కెట్ సర్వే, ప్రాజెక్ట్ రిపోర్టు, చివర్న అప్పు.

ఇలాంటి శిక్షణల్లో ఒక ఆట ఉంటుంది, ఎక్కడ చూసినా ఆగి చూడాలనిపిస్తుంది. ఒకడి కళ్ళకి గంతలు కడతారు. ఎడంచేత్తో చెక్కముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చాలి. పక్కన ఒకడు 'కొంచెం కుడికి, ఆపు, వదులు' అని చెబుతుంటాడు. ఇంకొకడు పైనుంచి ఎన్ని ముక్కలు పేర్చాలో నిర్ణయిస్తాడు. మొదలుపెట్టే ముందు ముగ్గురూ తమ గురి విడివిడిగా రాస్తారు. తమాషా ఏమిటంటే, గంతలు కట్టుకున్నవాడు పది అని రాస్తే పైవాడు తరచు ఆరు అంటాడు. ఆట అయ్యేసరికి తొమ్మిదో పదో పేరుస్తారు. పైవాడి మొహం అప్పుడు చూడాలి. అహ్మదాబాద్‌లో ఆ పైవాడు మేనేజరు. మన ఇళ్ళల్లో ఎవరో చెప్పక్కర్లేదు.

ఈ పని పెరిగి 1983లో అహ్మదాబాద్‌లో ఆంట్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అయింది. పటేల్‌గారికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

* * *

అదే 1983. ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ఇందిరాగాంధీ చదువుకున్న నిరుద్యోగుల కోసం స్వయంఉపాధి పథకం ప్రకటించింది. పదో తరగతి ప్యాసై, 18 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉంటే చాలు. 25,000 రూపాయల దాకా అప్పు. అందులో నాలుగోవంతు సబ్సిడీ. తాకట్టు అక్కర్లేదు. 1978 నుంచి జిల్లాకొకటి చొప్పున పెట్టిన జిల్లా పరిశ్రమల కేంద్రాలు మనుషుల్ని ఎంచుతాయి, బ్యాంకులు డబ్బిస్తాయి. కాగితం మీద గుజరాత్ పద్ధతే దేశమంతా పాకినట్టు కనబడుతుంది.

ఇక్కణ్ణించి ఒక చిన్న సన్నివేశం. ఊరి పేరు, బ్యాంకు పేరు వద్దు. ఆంధ్రదేశంలో ఆ ఏళ్ళలో ఇది జరగని టౌను ఉండదు.

బీకాం చదివిన కుర్రాడు. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ పెట్టాలని. ఫ్రేములు, మెష్, స్క్వీజీ, రంగులు, ఆరబెట్టే ర్యాకులు, అన్నిటికీ ధరలు కనుక్కుని రాసుకున్నాడు. పరిశ్రమల కేంద్రంలో ఇంటర్వ్యూ అయింది. లెటరు పట్టుకుని బ్యాంకుకొచ్చాడు.

మేనేజరు కళ్ళజోడు సర్దుకుని లెటరు చదివాడు. "నాన్నగారేం చేస్తారు?"

"హైస్కూల్లో టీచరండి."

"ఆయన్నోసారి తీసుకురా."

"సార్, దీనికి ష్యూరిటీ అక్కర్లేదన్నారండి..."

"ష్యూరిటీ అని నేనన్నానా? పెద్దాయన్ని చూస్తే నాకూ కాస్త ధైర్యం. అంతే."

మర్నాడు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. మేనేజరు లేచి నమస్కారం పెట్టి కుర్చీ చూపించాడు. కుర్రాడికి కుర్చీ లేదు, వెనకాల నిలబడ్డాడు. తరవాత జరిగిన మాటలన్నీ ఆ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్యే.

"మావాడు కాస్త దూకుడండీ. ఈ ప్రింటింగు అవీ మనకెందుకు? అక్కడ మెషిన్లు పెట్టినవాళ్ళే ఈగలు తోలుకుంటున్నారు. అదే డబ్బుతో ఇంటి ముందు ఫ్యాన్సీ షాపు పెడితే, నేనూ సాయంత్రం పూట చూసుకుంటాను."

"మంచి ఆలోచనేనండి. రిపోర్టులో మార్చేద్దాం."

వెనకాల నిలబడ్డవాడిని ఎవరూ అడగలేదు. ఫారాలమీద సంతకాలు మాత్రం అతనే పెట్టాడు, చూపించిన చోటల్లా.

మాస్టారిని విలన్ని చేయడం సులువు, తప్పు కూడా. ఆయనకి పెళ్ళికెదిగిన కూతురుంది. జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. కొడుకు అప్పు పాడైతే బ్యాంకు జీపు వచ్చి ఆగేది తన ఇంటి ముందే, వీధి అంతా చూస్తుండగా. ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు. పథకం రాసినవాళ్ళు కుర్రాడికి డబ్బు అందే దారి వేశారు. తండ్రి భయం తగ్గే దారి వెయ్యలేదు. ఆ భయమే రిపోర్టు మార్పించింది. ఫ్యాన్సీ షాపులో గాజులు, రిబ్బన్లు అమ్ముతూ కూర్చున్న బీకాం కుర్రాడికి ఆ అప్పు తనదనిపించకపోతే ఆశ్చర్యమేముంది? ఊళ్ళో కూడా దాన్ని 'సబ్సిడీ లోను' అనే అన్నారు. ఏం పెడుతున్నావని ఎవరూ అడిగేవారు కారు, సబ్సిడీ ఎంతొచ్చిందని అడిగేవారు.

పదేళ్ళ తరవాత పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1993 అక్టోబరు 2న ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన మొదలైంది. లక్ష రూపాయల ప్రాజెక్టులు, 15 శాతం సబ్సిడీ, అదీ 7,500కి మించకుండా. ఈసారి అప్పు చేతికిచ్చే ముందు కొద్దిరోజుల శిక్షణ కూడా జోడించారు. బావుంది. కానీ కాకినాడవాళ్ళకి పది రోజుల శిక్షణ తరవాత రెండేళ్ళపాటు ఆరునెలలకోసారి అడిగేవాడు ఒకడున్నాడు. ఇక్కడ శిక్షణ అయిపోయిన మర్నాటి నుంచి అడిగేది వాయిదా కట్టమని నోటీసు మాత్రమే. 2008లో ఇది ఖాదీ కమిషన్ చేతిలోని మరో పథకంతో కలిసి పీఎంఈజీపీ అయింది. 2022 నుంచి తయారీ యూనిట్ అయితే 50 లక్షల దాకా, సేవల యూనిట్ అయితే 20 లక్షల దాకా. సబ్సిడీ 15 నుంచి 35 శాతం, ఊరినిబట్టీ మనిషినిబట్టీ.

* * *

ఇప్పటి తరానికి ఇంకో దారి కూడా తెరిచారు. 2015 నవంబరులో హైదరాబాద్‌లో స్టార్టప్‌లకి చోటిచ్చే టీ-హబ్ మొదలైంది. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా. 2018 మార్చి 8న ఆడపిల్లల కోసం వీ-హబ్. గాజు గోడలు, బీన్ బ్యాగులు, కాఫీ మిషను. కొందరు దాన్ని చూసి వెటకారం చేస్తారు. నేను చెయ్యను. కాకినాడ వాళ్ళని ఇల్లు వదిలించి ఒకచోట కూర్చోబెట్టినందువల్ల పని జరిగిందన్న సంగతి గుర్తుంటే, కుర్రవాళ్ళకి తమలాంటివాళ్ళు పక్క బల్లమీద కనబడే చోటు ఎంత అవసరమో తెలుస్తుంది. పక్కవాడు మూడుసార్లు తప్పి నాలుగోసారి నిలబడ్డాడని చూసినవాడికి తన రెండో తప్పు అంత పెద్దదిగా కనిపించదు.

అయితే హబ్ దాకా వచ్చేది ఎవరు? బీటెక్ ఆఖరి సంవత్సరంలో క్యాంపస్ సెలెక్షన్ వచ్చి, దాన్ని వదులుకుని సొంతంగా పెడతానన్న పిల్ల లేదా పిల్లాడు ముందు గెలవాల్సింది ఇన్వెస్టర్ని కాదు, ఇంట్లోవాళ్ళని. "ముందు రెండేళ్ళు ఉద్యోగం చెయ్యి, తరవాత నీ ఇష్టం" అంటారు. రెండేళ్ళయ్యాక పెళ్ళి సంబంధాలు. "వ్యాపారం చేసేవాడికి పిల్లనెవరిస్తారురా?" అన్న మాట కోనసీమ నుంచి కరీంనగర్ దాకా ఒకే బాణీలో వినిపిస్తుంది. ఆడపిల్లకైతే ఆ ప్రశ్న అడిగే అవసరం కూడా ఉండదు, నిర్ణయం ముందే అయిపోతుంది. వీ-హబ్‌కి వచ్చే అమ్మాయి వెనక ఆ గడప దాటడానికి పట్టిన కాలం ఉంటుంది. అది ఏ ప్రాజెక్ట్ రిపోర్టులోనూ రాయరు.

ఇక్కడే సర్కారు చేసిన ఒక పని నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోస్తుంది. దానికి రిబ్బన్ కటింగు లేదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. 2000లో కేంద్రం, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బీ కలిసి ఒక గ్యారంటీ ట్రస్టు పెట్టాయి. పొడి అక్షరాల్లో సీజీటీఎంఎస్ఈ. చిన్న పరిశ్రమకి బ్యాంకు తాకట్టు లేకుండా అప్పిస్తే, అది మునిగినప్పుడు నష్టంలో పెద్ద భాగం ట్రస్టు భరిస్తుంది. దానికి కొంత రుసుము కట్టాలి. అంటే మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్న కుర్చీలో ప్రభుత్వం వచ్చి కూర్చుంది. 1969 పుస్తకంలోని కాకినాడ పట్టికలో తేలిన లోపానికి ముప్పై ఒక్కేళ్ళ తరవాత మందు దొరికింది. పెట్టినవాళ్ళు ఆ పట్టిక చూసి పెట్టారని నేననను.

మందు సీసా ఉన్నంత మాత్రాన అందరికీ అందుతుందని కాదు. గ్యారంటీ ట్రస్టు ఉన్నా, తెలిసిన మనిషి ఆస్తి కాగితం చేతిలో ఉంటే మేనేజరుకి నిద్ర బాగా పడుతుంది. మేనేజర్లని మాత్రం ఏమంటాం? అప్పు మునిగితే తాఖీదు వచ్చేది ఆయనకే. అందుకే తాకట్టు అడగొద్దనే మాట పథకం పుస్తకంలో రాసి ఊరుకోకుండా, అడగని మేనేజరుకి ఇబ్బంది రాకుండా చూడాలి. అప్పుకి ముందు ఇచ్చే శిక్షణలో సగం రోజైనా తండ్రుల్నీ తల్లుల్నీ పిలిచి, అప్పు మునిగితే ఏమవుతుందో, ఇల్లు పోతుందో పోదో విడమరచి చెప్పాలి. ఆ చెక్కముక్కల ఆట వాళ్ళచేత కూడా ఆడించాలి.

రాజమండ్రిలో, అంటే ఆనాడు పోలిక కోసం శిక్షణ ఇవ్వకుండా వదిలేసిన ఊళ్ళో, ఇప్పుడు రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ శాఖ ఒకటి పెట్టారు. అక్కడికి వచ్చే డిగ్రీ పిల్లలకి ఎవరైనా మొదటి రోజునే చెప్పవలసిన సంగతి ఒకటుంది. సూక్ష్మ, చిన్న యూనిట్లకిచ్చే 10 లక్షల లోపు అప్పుకి తాకట్టు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2010 మే నెలలోనే బ్యాంకులకి రాసింది. మేనేజరు "నాన్నగారిని ఓసారి తీసుకురా" అంటే, ఎందుకండీ అని మర్యాదగా అడగొచ్చు.